కోతి వల్లే పోయిందా? ‘బెటర్ మ్యాన్’ మీద ఒక పాత బుకింగ్ మనిషి లెక్క

మీరు అడిగింది ఇదీ: బ్రిటన్ పాప్ గాయకుడు రాబీ విలియమ్స్ జీవితం మీద తీసిన ‘బెటర్ మ్యాన్’ (2024) ఇంట్లో చూశారు. ఆయనెవరో అంతకుముందు తెలియదు. అయినా చివరికొచ్చేసరికి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత వెతికితే రివ్యూలన్నీ పొగడ్తలు, కలెక్షన్లు మాత్రం ఘోరం. హీరోని చింపాంజీగా చూపించడమే కొంప ముంచిందా, లేక జనానికే టేస్టు లేదా అని మీ అనుమానం. పాత పాటలంటే ప్రాణం పెట్టే మీ నాన్నగారికి ఈ సినిమా చూపించొచ్చా అని చివర్లో ఇంకో ప్రశ్న. దానికి చివరే చెబుతాను.

నేను ఇరవై ఏళ్లు డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో బుకింగ్ చూసినవాణ్ణి. హాలీవుడ్ డబ్బింగ్ బొమ్మలూ చాలా ఆడించాం. ‘జనానికి టేస్టు లేదు’ అనే మాట మా ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు అనేవారు, ఎక్కువగా డబ్బు పోగొట్టుకున్న నిర్మాత. ఆ మాట అన్నాక ఇక ఆలోచించాల్సిన పని ఉండదు కాబట్టి అది చాలా హాయిగా ఉంటుంది. అందుకే దాన్ని పక్కన పెడదాం.

అంకెలు చూడండి. బడ్జెట్ సుమారు 11 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి వచ్చిన గ్రాస్ 2.2 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. గ్రాస్ అంటే థియేటర్లో తెగిన టికెట్ల మొత్తం, అందులో సగం థియేటర్ వాళ్లకే పోతుంది. మన భాషలో చెప్పాలంటే పబ్లిసిటీ ఖర్చు కూడా రాలేదు. అదే 2024 డిసెంబర్ 25న అమెరికాలో బాబ్ డిలాన్ మీద తీసిన ‘ఎ కంప్లీట్ అన్‌నోన్’ కూడా విడుదలైంది. అదీ సంగీతకారుడి జీవితమే, కాకపోతే అందులో మనిషి మనిషిలాగే ఉంటాడు. అది దాదాపు 14 కోట్ల డాలర్లు తెచ్చింది. ‘బెటర్ మ్యాన్’ ఆ రోజు కొన్ని థియేటర్లలోనే మొదలై జనవరి 10న విస్తరించింది. ఆ వారాంతం పదమూడు వందలకు దగ్గరగా థియేటర్లలో ఆడితే పది లక్షల డాలర్లు దాటడమే గగనమైంది. థియేటరుకు ఎంత పడిందో లెక్కేసుకోండి. మార్నింగ్ షోకి పదిమంది ఉంటే ప్రొజెక్టర్ వేయాలా వద్దా అని మేనేజరు ఫోన్ చేస్తాడు చూడండి, ఆ స్థాయి.

ఇటు రివ్యూలు చూస్తే, అందరి రివ్యూలనూ పోగేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో విమర్శకుల మార్కు 90 శాతానికి దగ్గరగా ఉంది. టికెట్ కొని చూసినవాళ్ల మార్కూ అంతే. ఈ శాతం దగ్గరే చాలామంది పొరబడతారు. 90 శాతం అంటే సినిమాకి నూటికి తొంభై మార్కులు పడ్డాయని కాదు. రాసినవాళ్లలో నూటికి తొంభైమంది ‘పర్లేదు, చూడొచ్చు’ నుంచి ‘అద్భుతం’ దాకా ఏదో ఒక మంచి మాట అన్నారని మాత్రమే. ప్రేక్షకుల మార్కయితే ఇంకా మోసం. ముఖం కనపడని హీరో సినిమాకి, అదీ కోతి బొమ్మ చూసి కూడా, టికెట్ కొని వచ్చినవాడు ముందే సగం ఒప్పుకుని వచ్చినవాడు. వాళ్లు మెచ్చుకోవడంలో వింత లేదు. రాని కోటిమంది అభిప్రాయానికి ఆ వెబ్‌సైట్‌లో గడి లేదు. దాన్ని లెక్కపెట్టేది బుకింగ్ కౌంటర్ ఒక్కటే.

ఇక కోతి సంగతి. నిజానికి అది చింపాంజీ, కానీ అందరం కోతి అనే అంటున్నాం, రాబీ కూడా. దర్శకుడు మైకేల్ గ్రేసీ ఏడాదికి పైగా రాబీతో కూర్చుని ఆయన మాటలు రికార్డు చేసుకున్నాడు. ఆ మాటల్లో రాబీ తనను తాను స్టేజీ మీదికి లాక్కొచ్చి ఆడించే కోతితో పోల్చుకుంటూ వచ్చాడట. గ్రేసీ ఆ పోలికను పట్టుకున్నాడు. తెర మీద రాబీ చిన్నప్పటి నుంచి చివరిదాకా చింపాంజీయే. విచిత్రమేమిటంటే సినిమాలో ఎవ్వరూ దాన్ని గమనించరు. అమ్మా, నాన్నమ్మా, బ్యాండులో తోటివాళ్లూ, ప్రేమించిన అమ్మాయీ, ఎవ్వరూ ఒక్క ముక్క అనరు. అతను తనను తాను అలా చూసుకుంటున్నాడు, మనమూ అతని కళ్లతోనే చూస్తున్నాం. జానో డేవిస్ అనే నటుడు ఒంటికి సెన్సర్లు కట్టుకుని నటిస్తే, న్యూజిలాండ్‌లోని గ్రాఫిక్స్ సంస్థ వేటా ఎఫ్ఎక్స్ వాళ్లు దానికి బొచ్చూ చర్మం తొడిగారు. కళ్లు మాత్రం రాబీ కళ్ల పోలికే ఉంచారు.

జనం కోతిని చూసి పారిపోయారనేవాళ్లకు నేనొకటి గుర్తుచేస్తాను. అదే 2024లో అదే వేటా చేతి పనితో ‘కింగ్‌డమ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ వచ్చింది. 40 కోట్ల డాలర్లకు దగ్గరగా వసూలు చేసింది. విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ నామినేషన్లలో ఈ రెండు కోతుల సినిమాలూ పక్కపక్కనే ఉన్నాయి (గెలిచింది ‘డ్యూన్’ రెండో భాగం, అది వేరే సంగతి). కాబట్టి జనానికి కోతితో పేచీ లేదు. వాళ్లు తెలుసుకోవాలనుకున్న మనిషి ఉండాల్సిన చోట కోతి ఉండటంతోనే పేచీ.

బయోపిక్ టికెట్ అసలు దేనికి తెగుతుంది? నా అనుభవంలో పోలికకి తెగుతుంది. ‘అచ్చు ఆయనలాగే ఉన్నాడే’ అనే ఒక్క మాటకి. 2018లో క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మీద వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ని విమర్శకులు అంత గొప్పగా ఏం మెచ్చుకోలేదు. అదే రాటెన్ టొమాటోస్‌లో దాని మార్కు 60 దగ్గర తచ్చాడింది. కానీ రామీ మాలెక్ ఆ పళ్లూ ఆ మీసం పెట్టుకుని ఆయన 1985లో పాడిన లైవ్ ఎయిడ్ కచేరీని పొల్లుపోకుండా దించేసరికి జనం 90 కోట్ల డాలర్లు కుమ్మరించారు. మన దగ్గర ‘మహానటి’కి ముందు అందరి నోటా ఉన్న ప్రశ్న కీర్తి సురేష్ సావిత్రిలా ఉంటుందా లేదా అన్నదే. కథ అందరికీ తెలిసిందే. మనం చూడటానికి వెళ్లింది ఆ పోలికని. విమర్శకుడి పరిస్థితి వేరు. అతను ఏడాదికి ఇలాంటివి పది చూస్తాడు. పేద బాల్యం, మొదటి పాట, కీర్తి, మందు, పతనం, పునర్జన్మ, చివర్లో అసలు మనిషి ఫొటోలు. ఈ వరస చూసి చూసి విసిగిపోయినవాడికి కోతి ఎదురైతే ప్రాణం లేచొస్తుంది. మామూలు ప్రేక్షకుడికి ఇంకా విసుగు రాలేదు. అతను ఆ వరస కోసమే వస్తున్నాడు. ఒకే కోతి అటు రివ్యూలు తెచ్చింది, ఇటు ఓపెనింగ్ పట్టుకుపోయింది. రెంటినీ వేరు చేసి ‘విమర్శకులు గెలిచారు, జనం ఓడారు’ అంటే కుదరదు.

అమెరికా విషయంలో ఇంకో దెబ్బ ఉంది. రాబీ విలియమ్స్ బ్రిటన్‌లో ఎంతటివాడో మనవాళ్లకు చెప్పడం కష్టం. 16 ఏళ్లకే టేక్ దట్ బ్యాండులో చేరాడు, 1995లో బయటికొచ్చాడు, తర్వాత ఒక్కడే నిలబడ్డాడు. బ్యాండుతో వచ్చినవి కలుపుకుని 18 బ్రిట్ అవార్డులు, అంటే అక్కడి సంగీత బహుమతులు. 2003 ఆగస్టులో నెబ్‌వర్త్‌లో మూడు రాత్రులు పాడితే వచ్చిన జనం 3,75,000. కానీ అట్లాంటిక్ దాటితే ఆ పేరు చెల్లదు. ఆయన ‘ఏంజెల్స్’ పాట అమెరికా పాటల పట్టిక హాట్ 100లో 53వ స్థానం దాటి పైకి రాలేదు. లాస్ ఏంజెలెస్‌లో తననెవరూ గుర్తుపట్టరు కాబట్టే అక్కడ హాయిగా ఉందని ఆయనే చెప్పుకున్నాడు. అలాంటి చోట పోస్టరు మీద తెలియని పేరు, ఆ పేరుకి ముఖం లేదు, ముఖం ఉండాల్సిన చోట కోతి. కొనేవాడు దేన్ని పట్టుకుని లోపలికి రావాలి? హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ సినిమా అనుకున్నవాళ్లూ ఉన్నారు.

‘అమెరికాలో తెలియదు కాబట్టి పోయింది’ అని ఇక్కడితో ఆపేయొచ్చు. చాలామంది ఆపేశారు కూడా. నాకది చాలదు. ఎందుకంటే తెలిసిన చోట, బ్రిటన్‌లో కూడా, ఇది పెద్ద హిట్టు కాలేదు. అక్కడ పరిస్థితి తలకిందులు. వాళ్లకు రాబీ మరీ ఎక్కువ తెలుసు. ముప్పై ఏళ్లుగా గాసిప్ పత్రికల్లో అతని తాగుడూ, అతని ప్రేమలూ, బ్యాండుతో గొడవలూ చదివినవాళ్లు. పైగా 2023 నవంబర్‌లోనే నెట్‌ఫ్లిక్స్‌లో అతని మీద నాలుగు భాగాల డాక్యుమెంటరీ వచ్చింది, అసలు వీడియోలతో, అసలు ముఖంతో. అది చూసినవాడు మళ్లీ అదే కథకి థియేటర్‌కి రావాలంటే కొత్తదేదో కావాలి. ఆ కొత్తదనం కోతే. కానీ ఎందుకు కోతో లోపలికి వెళ్తేగానీ తెలియదు.

దీని పక్కన మన ‘ఈగ’ని పెట్టి పోల్చి చూస్తే నాకు విషయం తేటపడింది. 2012లో ఈగ హీరో అంటే ట్రేడ్‌లో నవ్వినవాళ్లున్నారు. రాజమౌళి రెండు పనులు చేశాడు. షూటింగ్ మొదలవకముందే కథ మొత్తం అందరి ముందూ చెప్పేశాడు: ప్రియుణ్ణి విలన్ చంపుతాడు, వాడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడు. అంటే పోస్టరు మీద ఈగ కనపడే నాటికే ఆ ఈగ ఎవరో ఊరందరికీ తెలుసు. రెండోది, సినిమాలో ముందు నానీని చూపించాడు. కాసేపు మనిషిగా నవ్వించి, ప్రేమించేలా చేసి, చంపి, అప్పుడు ఈగని తెచ్చాడు. ఆ మనిషి మీద మనకున్న ప్రేమ ఈగకి బదిలీ అయింది. ‘బెటర్ మ్యాన్’ ఆ బదిలీ చెయ్యదు. మొదటి ఫ్రేము నుంచి కోతే, ఎందుకో నువ్వే తెలుసుకో అంటుంది. కళగా చూస్తే ఇదే ఎక్కువ ధైర్యం. నాకు నచ్చింది కూడా. కానీ ట్రైలరులో రెండున్నర నిమిషాల్లో అమ్ముడుపోయే సరుకు కాదది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని నేనెక్కడా చదవలేదు గానీ మా వృత్తిలో ఉన్నవాడికి ఇదే మొదట కనపడుతుంది. డబ్బింగ్ బొమ్మలు కొనే రోజుల్లో మాకొక మోటు లెక్క ఉండేది: పోస్టరు మీద జంతువుంటే మ్యాట్నీకి పిల్లలు వస్తారు, పిల్లల వెంట నలుగురు పెద్దలొస్తారు. క్రిస్మస్ సెలవులు, పాటలు, డాన్సులు, చింపాంజీ. పోస్టరు చూస్తే ఫ్యామిలీ బొమ్మే. లోపల చూస్తే డ్రగ్సు, బూతులు, గర్భస్రావం, తనను తాను చంపుకోవాలనిపించే రాత్రులు. అమెరికాలో ఆర్ సర్టిఫికెట్ (పెద్దలు వెంట లేకుండా పిల్లలకు ప్రవేశం లేదు), బ్రిటన్‌లో 15 (ఆ వయసు లోపు వాళ్లకు ప్రవేశం లేదు). పిల్లల్ని తీసుకురావాలనుకున్నవాణ్ణి సర్టిఫికెట్ ఆపేసింది, పెద్దల సినిమా కావాలనుకున్నవాణ్ణి కోతి ఆపేసింది. ఇలాంటి బొమ్మ ఎలాంటి ఊళ్లో, ఎవరికి ఆడుతుందని రాయాలో నాకిప్పటికీ తెలియదు.

సినిమాకి డబ్బు పెట్టినవాళ్లను మూర్ఖులనలేం. వాళ్ల ఆశకు ఆధారముంది. గ్రేసీ మొదటి సినిమా ‘ది గ్రేటెస్ట్ షోమ్యాన్’ 2017లో వచ్చింది. విమర్శకులు పెదవి విరిచారు, అమెరికాలో మొదటి వారాంతం 88 లక్షల డాలర్లు మాత్రమే. కానీ పాటలు జనంలోకి వెళ్లాయి, చూసినవాళ్లే మళ్లీ వచ్చారు, ఒక్క అమెరికాలోనే 17 కోట్లు దాటింది, ప్రపంచమంతా 43 కోట్ల పైనే. మౌత్ టాక్ మీద బతికిన సినిమాల్లో ఈ మధ్యకాలంలో అంతటిది అరుదు. ఇది కూడా అలాగే లేస్తుందని ఎదురు చూసి ఉంటారు. అయితే టాక్ లేవాలంటే మొదటి వారం కనీసం కొందరైనా చూడాలి. థియేటర్‌కి పదిమంది చూస్తే వాళ్లు ఎంత పొగిడినా ఊళ్లోకి వెళ్లేసరికి బొమ్మ మారిపోతుంది. పైగా ఇప్పుడు కొద్ది వారాల్లోనే ఇంట్లో చూసుకోవచ్చని అందరికీ తెలుసు. మీరూ నేనూ చేసింది అదే కదా. నేనేం నీతులు చెప్పను, నా టికెట్ కూడా ఆ లెక్కలో లేదు.

ఇంతకీ సినిమా ఎలా ఉంది? రివ్యూల్లో అతిగా పొగిడినవాళ్లు ఒక సంగతి దాటవేశారని నా ఫిర్యాదు. కోతిని తీసేస్తే మిగిలేది పాత వరసే. వదిలేసి వెళ్లిన తండ్రి, దన్నుగా నిలిచిన నాన్నమ్మ, కీర్తి, కొకైన్, రిహాబ్, చివరికి రాయల్ ఆల్బర్ట్ హాల్లో తండ్రితో రాజీ. దీన్ని కొందరు విమర్శకులు ఎత్తిచూపారు, వాళ్లతో నేను ఏకీభవిస్తాను. అసలైన తలతిక్క సంగీత బయోపిక్ కావాలంటే టాడ్ హేన్స్ 2007లో డిలాన్ మీదే తీసిన ‘అయామ్ నాట్ దేర్’ చూడండి. ఆరుగురు నటులు ఆరు రకాల డిలాన్‌లు, ఒక్కరి పేరూ డిలాన్ కాదు. అందులో ఒకరు నల్లజాతి కుర్రాడు, ఒకరు కేట్ బ్లాంచెట్. ఆమెకి వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. దానికీ డబ్బు రాలేదు, అయితే అది రెండు కోట్ల డాలర్ల సినిమా. ‘ఎ కంప్లీట్ అన్‌నోన్’తో కలిపి చూస్తే ఒకే డిలాన్ మీద, రెండు పద్ధతుల్లో, రెండు ఫలితాలు. 2024లోనే ఫారెల్ విలియమ్స్ జీవితాన్ని లెగో బొమ్మలతో తీశారు, ‘పీస్ బై పీస్’. ఖర్చు 1.6 కోట్లు, వచ్చింది కోటీ చిల్లర. అది పోయిందని ఎవరూ గుండెలు బాదుకోలేదు. ‘బెటర్ మ్యాన్’ చేసిన తప్పు ప్రయోగం కాదు, ప్రయోగానికి పెట్టిన రేటు. రెండు గంటలకు పైగా ప్రతి షాటులోనూ బొచ్చున్న హీరో ఉండాలంటే ఆ రేటు తప్పదు. ఆ రేటు పెట్టాక ప్రయోగం చేసే హక్కు ఉండదు. ఈ మెలికకి నా దగ్గర విరుగుడు లేదు.

కానీ పాత వరసలోనే గ్రేసీ చేసిన కొన్ని పనులు మాత్రం నన్ను లేపి కూర్చోబెట్టాయి. లండన్ రీజెంట్ స్ట్రీట్ మీద ‘రాక్ డీజే’ పాట. ఐదు వందలమంది డాన్సర్లు, తెగని ఒకే షాటులా సాగుతుంది. ఆ పాట షూటింగ్ మొదలవబోతుండగా 2022 సెప్టెంబర్‌లో రాణి ఎలిజబెత్ చనిపోయారు. ఆ వీధి రాచ ఆస్తుల కిందకి వస్తుంది. అంతా ఆగిపోయి, నెలల తర్వాత డబ్బులు మళ్లీ కూడదీసుకుని తీశారు. ఆ పాట నిజానికి 2000లో వచ్చింది, సినిమాలో మాత్రం తొంభైల నాటి టేక్ దట్ కుర్రాళ్లు పాడతారు. ‘ఫీల్’ 2002 నాటిది, దాన్ని చిన్నపిల్లాడిగా ఉన్న రాబీ చేత పాడించారు. తేదీలు చూసుకునే అభిమానికి ఒళ్లు మండొచ్చు. నాకు మాత్రం ఇదే సరైన పద్ధతి అనిపించింది. మన హరికథలో దాసుగారు సందర్భానికి ఏ కీర్తన నప్పితే అది ఎత్తుకోడూ? ఏ ఏట కట్టిన కీర్తనో అడిగేవాడు అరుగు మీద కూర్చోడు.

కీర్తన అన్నాక అన్నమయ్య గుర్తొచ్చాడు. మన సంగీతకారుల సినిమాలు చూడండి. 1946 నాటి నాగయ్య ‘త్యాగయ్య’, 1997 నాటి ‘అన్నమయ్య’. వాళ్ల ఫొటోలు లేవు. నాగార్జున మీసంతో అన్నమయ్యగా వస్తే ‘అసలు మనిషిలా లేడే’ అనడానికి మన దగ్గర అసలు ముఖం లేదు. పోలికంతా చెవికే. ‘అదివో అల్లదివో’ వినపడితే అదే అన్నమయ్య. కాబట్టి ముఖం లేని సంగీతకారుణ్ణి జనం ఒప్పుకోరని కాదు, పాట ముందే గుండెలో ఉంటే ఒప్పుకుంటారు. అమెరికాలో రాబీ పాట ఆ గుండెల్లో లేదు. ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడ మెల్‌బోర్న్‌లోనే చాలా భాగం తీశారు, అక్కడి ఆక్టా అవార్డుల్లో ఉత్తమ చిత్రంతో కలిపి తొమ్మిది గెలిచింది.

మీకు రాబీ ఎవరో తెలియకుండానే ఏడుపొచ్చింది కదా, దానిక్కూడా కోతే కారణమని నా నమ్మకం. తెలిసిన ముఖమున్న నటుడైతే పోలికలు వెతుకుతూ కూర్చునేవారు. పోల్చడానికి ఏమీ లేకపోవడంతో నేరుగా కళ్లలోకి చూశారు. నెబ్‌వర్త్ స్టేజీ మీద అతను తన పాత రూపాలతో కత్తులు పట్టుకుని కొట్టుకునే సీను ఉంది చూడండి, అది మనిషి చేస్తే నవ్వొచ్చేది.

ఇక మీ నాన్నగారు. పాత పాటల మనిషి అన్నారు కాబట్టి చూపించండి. అయితే ‘కోతి సినిమా’ అని చెప్పకండి, రాజమౌళి చేసినట్టు ముందే కథ చెప్పేయండి: ఒకతను తనను తాను ఆడించే కోతిలా అనుకుంటాడు, అందుకని మనకీ అలాగే కనపడతాడు అని. మొదటి పావుగంట బూతులు ఎక్కువ, సబ్‌టైటిల్సు ఆపేస్తే సగం తగ్గుతాయి. పడవ మీద ‘షీ ఈజ్ ద వన్’ పాటొచ్చినప్పుడు టీ పెట్టడానికి లేవకండి, ఆ నాలుగు నిమిషాల్లో ఒక ప్రేమకథ మొత్తం అయిపోతుంది. చివర్లో తండ్రీ కొడుకులు కలిసి పాడేటప్పుడు మాత్రం మీరే ఏదో వంకతో వంటింట్లోకి వెళ్లండి. మా అబ్బాయి పక్కన కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను, ఇద్దరం టీవీ వైపే చూస్తూ చాలాసేపు ఊరికే కూర్చోవాల్సి వచ్చింది.